బండెక్కితే చలికాలమే!

మామిడి పూతకొచ్చింది. మధ్యాహ్నం ఫ్యాను వేయక తప్పడం లేదు. అయినా పొద్దున ఆరున్నరకు బండి తీస్తే మాత్రం పళ్లు టకటకలాడతాయి. చలి పోయిందో, ఉందో తెలియని ఈ రోజుల్లో బైకు మీద వెళ్లేవాళ్లు ఏం వేసుకోవాలి? ఎలా వేసుకోవాలి?

'స్వెట్టర్ వేసుకెళ్లండీ...'

'ఇంకా స్వెట్టరేంటే! శివరాత్రి వచ్చేస్తుంటే...'

ఫిబ్రవరిలో చాలా ఇళ్లలో పొద్దున్నే వినిపించే మాటలివి. శివరాత్రికి చలి 'శివశివా' అంటూ వెళ్లిపోతుందని సామెత ఉండనే ఉంది. ఆ ధీమాతోనే ఆయన ఉత్త చొక్కాతో బండి స్టార్ట్ చేస్తాడు. వీధి మలుపు దాకా హాయిగానే ఉంటుంది. మెయిన్ రోడ్డెక్కి టాప్ గేరు వేశాక మొదలవుతుంది అసలు కథ. ముందు మెడ దగ్గర సన్నగా... తర్వాత చొక్కా గుండీల సందుల్లోంచి... ఆపైన మోకాళ్లు, చేతివేళ్లు. సిగ్నల్ దగ్గర ఆగగానే రెండు చేతులూ చంకల్లోకి వెళ్లిపోతాయి. 'దాని మాట విని ఉంటే బాగుండేది' అనుకుంటాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ సంగతి చెప్పడనుకోండి, అది వేరే విషయం!

ఇంతకీ సామెత తప్పా? తప్పేం కాదు. నేల మీద నడిచేవాళ్లకు చలి నిజంగానే వెళ్లిపోయింది. బండి మీద ఉన్నవాళ్లకే ఇంకా పోలేదు.

సూర్యుడొచ్చాకే అసలు చలి

హైదరాబాద్‌లో ఫిబ్రవరి నెల సగటు చూస్తే తెల్లవారుజామున 17, 18 డిగ్రీలుండే ఉష్ణోగ్రత మధ్యాహ్నానికి 31, 32కు చేరుతుంది. ఒకే రోజులో 14 డిగ్రీల తేడా. ఆకాశంలో మబ్బుండదు, గాలిలో తేమ తక్కువ. దాంతో పగలంతా కాగిన నేల రాత్రి ఆ వేడినంతా పైకి వదిలేస్తుంది. మబ్బుంటే దుప్పటిలా కొంతైనా ఆపేది.

చాలామంది అర్ధరాత్రి దాటాక రెండు మూడు గంటలప్పుడు చలి ఎక్కువనుకుంటారు. కానీ, నేల చల్లబడటం తెల్లారేదాకా ఆగదు. సూర్యుడు పైకొచ్చి, ఆ కిరణాలకు నేల మళ్లీ వేడెక్కడం మొదలయ్యేదాకా ఉష్ణోగ్రత దిగుతూనే ఉంటుంది. అంటే రోజు మొత్తంలో బాగా చల్లగా ఉండేది సూర్యోదయం వేళ, ఆ తర్వాత కొద్ది నిమిషాలూ. ఫిబ్రవరి మధ్యలో హైదరాబాద్‌లో సూర్యుడు ఉదయించేది సుమారు 6.40కి. సరిగ్గా పాలక్యాన్లు కట్టుకున్న బండ్లు, పేపర్ కుర్రాళ్లు, మొదటి షిఫ్టుకెళ్లే కార్మికులు, పిల్లల్ని ట్యూషన్‌కి దించే నాన్నలు, గుంటూరు మిర్చియార్డుకు బయల్దేరిన రైతులు రోడ్డు మీద ఉండే సమయం అదే. 'తెల్లారిందిగా, ఇంకేం చలి' అనుకోవడంలోనే పొరపాటంతా ఉంది.

ఇంకో సంగతి రోజూ బండి నడిపేవాళ్లకు బాగా తెలుసు. ఊరు దాటి చెరువు కట్ట మీదికో, దాళ్వా వరిమళ్ల మధ్యకో, పల్లంలో ఉన్న కల్వర్టు దగ్గరికో వెళ్లేసరికి ఎవరో ఐసు పెట్టె మూత తీసినట్టు ఒక్కసారిగా ఒళ్లు జిల్లుమంటుంది. మళ్లీ మిట్టెక్కగానే మామూలు. చల్లగాలి బరువెక్కువ, నీళ్లలాగే పల్లానికి చేరుతుంది. ఆ పది నిమిషాల దారిలో రెండు మూడు రుతువులు తగులుతాయి.

మన్యం వెళ్లేవాళ్లది మరో కథ. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు బడికెళ్లే టీచర్‌ను ఊహించుకోండి. కింద బయల్దేరేటప్పుడు స్వెట్టర్ లోపల చిరుచెమట. ఘాట్ ఎక్కుతుంటే వెయ్యి మీటర్లకు దాదాపు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గిపోతుంది. పైకి చేరేసరికి ఆ చెమటే శత్రువవుతుంది. తడిసిన బనీనుకు చలిగాలి తోడైతే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అక్కడ ఉగాది దగ్గరపడ్డా పొద్దుటిపూట స్వెట్టర్ తీయరు.

గాలికీ ఓ లెక్కుంది

మన ఒంటి వేడికి చర్మాన్ని ఆనుకుని ఓ పల్చటి వెచ్చటి గాలిపొర ఎప్పుడూ ఉంటుంది. మనల్ని కాపాడేది అదే. కదలకుండా కూర్చుంటే ఆ పొర చెదరదు. బండి మీద వేగంగా వెళ్తుంటే ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. ఒళ్లు మళ్లీ తయారుచేస్తుంది, గాలి మళ్లీ ఎత్తుకుపోతుంది. వేడివేడి కాఫీని ఊదుకుంటూ తాగడంలో ఉన్నదీ ఇదే కిటుకు. కాకపోతే ఇక్కడ కాఫీ మనమే!

దీన్ని మొట్టమొదట లెక్కగట్టింది అంటార్కిటికాలో. 1940ల మొదట్లో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు ఓ ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి ఆరుబయట వేలాడదీశారు. ఎంత గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో రాసుకున్నారు. దాన్నుంచి పుట్టిందే 'విండ్ చిల్' లెక్క. 2001లో అమెరికా, కెనడాలు ఆ సూత్రాన్ని మార్చి కొత్తది తెచ్చాయి. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే ముఖానికి సుమారు 5 డిగ్రీల్లో ఉన్నట్టుంటుంది. ఆదిలాబాద్‌లోనో, అరకులోనో చలిరోజుల్లో పొద్దున బండి తీసేవాళ్లకు ఇది ఉత్త లెక్క కాదు. పది డిగ్రీలు దాటాక ఆ సూత్రం పనికిరాదు గానీ గాలి మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే అదే 17 డిగ్రీల్లో వాకింగ్ చేస్తున్న పెద్దాయన చొక్కా చేతులు మడుచుకుంటుంటే, పక్కనుంచి వెళ్లే బైకు కుర్రాడు ముడుచుకుపోతుంటాడు.

స్వెట్టర్ ఉన్నా చలెందుకు?

'స్వెట్టర్ వేసుకున్నా ఆగట్లేదండీ' అంటుంటారు కొందరు. ఆగదు మరి! అల్లిన స్వెట్టరంటే ఉన్ని ఎంతో, దాని మధ్య సందులూ అంతే. ఆ సందుల్లో నిలిచిన గాలే వెచ్చదనాన్నిస్తుంది. ఇంట్లోనో, బస్‌స్టాపులోనో అయితే భేషుగ్గా పనిచేస్తుంది. అరవైలో వెళ్తుంటే ఎదురుగాలి ఆ సందుల్లోంచే లోపలికి దూరిపోతుంది. లావుపాటి స్వెట్టర్ కొంటే తీరే సమస్య కాదిది. దానిమీద గాలి చొరని పల్చటి పొర ఒకటుంటే చాలు. విండ్‌చీటర్ అంటారే, అదన్నమాట. అది లేకపోతే వానాకాలం వాడి అటక మీద పడేసిన రెయిన్‌కోటు పైభాగం దించండి. చూడ్డానికి కాస్త వింతగా ఉన్నా, వెయ్యి రూపాయల కొత్త స్వెట్టర్ చేయలేని పని చేస్తుంది. ఎటొచ్చీ రెయిన్‌కోటులోంచి చెమట కూడా బయటికి పోదు. అందుకని అరగంట ప్రయాణానికి బాగుంటుంది గానీ గంటలకు గంటలు వెళ్లేవాళ్లకు కాదు.

గాలి ప్రధానంగా కొట్టేది ఛాతీకి. వెనక వీపుకు పెద్దగా తగలదు. ఈ సంగతి తెలిసే కొందరు జర్కిన్‌ను తిరగేసి, జిప్పు వీపువైపు వచ్చేలా తొడుక్కుంటారు. నవ్వొచ్చినా అందులో తెలివుంది. చలి దూరేది జిప్పు పళ్ల సందుల్లోంచే. కాకపోతే మెడ దగ్గర బిగుసుకుపోయి తల తిప్పడం కష్టమవుతుంది. పక్కనుంచి వచ్చే లారీ కనబడకపోతే ఆ తెలివికి అర్థం లేదు. జిప్పు గొడవకు మోటార్‌సైకిల్ జాకెట్లు కుట్టేవాళ్లు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. 1928లో న్యూయార్క్‌కు చెందిన అర్వింగ్ షాట్ జిప్పుతో తయారుచేసిన తోలు జాకెట్, తర్వాత హాలీవుడ్ హీరోలందరి ఒంటి మీదికీ ఎక్కింది. ఆ తరహా జాకెట్లకు జిప్పు ఛాతీ మధ్యలో ఉండదు, ఓ పక్కకు ఉంటుంది. ఒక అంచు మీదికి ఇంకో అంచు వచ్చి గాలిని అడ్డుకుంటుంది. ఫ్యాషన్ అనుకుంటాం గానీ పుట్టింది చలి కోసమే.

ఇవేవీ చేతిలో లేని రోజున... ప్రస్తుతం మీ చేతిలో ఉన్నదాన్నే వాడుకోవచ్చు! అవును, దినపత్రికే. రెండు మూడు పేజీలు మడిచి చొక్కాకూ బనీనుకూ మధ్య పెట్టుకుంటే గాలి ఆగిపోతుంది. ఫ్రాన్స్ సైకిల్ పోటీల్లో ఆల్ప్స్ కొండలు ఎక్కి దిగేముందు రేసర్లు చేసిన పని ఇదే. కొండ మీద అభిమానులు అందించే పేపర్‌ను జెర్సీలో దోపుకుని దిగేవారు. చెమటకు సిరా అంటుకుంటుంది కాబట్టి తెల్లబనీను మీద మాత్రం వద్దు.

ఇక లోపలి బట్టలు. చెమట పట్టేవాళ్లకు మందపాటి కాటన్ బనీను చలికి మంచిది కాదు. తడిని పీల్చుకుని వదలదు. ఉన్ని అలా కాదు, కాస్త చెమ్మగిల్లినా వెచ్చగానే ఉంచుతుంది. తెలంగాణ గొల్లకురుమల గొంగడి చూడండి. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి కప్పుకుంటే మంచు కురిసినా, వాన తుంపర పడినా కాపరికి దిగుల్లేదు. బండి మీద కప్పుకోవడానికి మాత్రం అది పనికిరాదు. ఎందుకో కాస్త ఆగితే తెలుస్తుంది.

వేళ్లు మొద్దుబారితే...

చలి కేవలం ఇబ్బందేనా? బండి మీద అంతకంటే ఎక్కువే. ఒళ్లు చల్లబడుతుంటే శరీరం ముందు గుండె, ఊపిరితిత్తులున్న భాగాన్ని కాపాడుకుంటుంది. చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. అందుకే మొదట చల్లబడేవి వేళ్లు. బ్రేకు నొక్కాల్సిందీ, క్లచ్ వదలాల్సిందీ ఆ వేళ్లే!

గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కొంకర్లు పోయిన వేళ్లు బ్రేకు లివర్‌ను పట్టుకోవడంలో అర సెకను ఆలస్యమైతే, బండి 7 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. కుక్క అడ్డమొచ్చినా, ఆటో సడన్‌గా ఆగినా ఆ 7 మీటర్లే ప్రాణం.

గ్లవ్స్ కొనేటప్పుడూ ఇదే గుర్తుంచుకోవాలి. ఉన్ని గ్లవ్స్‌లోంచి గాలి దూరుతుంది, పైగా లివర్ మీద జారతాయి. మరీ లావువి తొడుక్కుంటే ఇండికేటర్ మీట ఎక్కడుందో వేలికి తెలియదు. తోలువో, గాలి చొరని గుడ్డతో చేసినవో తీసుకుని, అరచేతివైపు పట్టు ఉందో లేదో చూసుకోవాలి. దుకాణంలోనే తొడుక్కుని పిడికిలి బిగించి చూడాలి. వేళ్ల కొసలు బిగుతుగా ఉంటే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. మణికట్టు దగ్గర జర్కిన్ చేతి కిందికి పోయేంత పొడవుండాలి. గాలి లోపలికి దూరే దొంగదారి అదే. అసలు రహస్యం ఇంకొకటుంది. ఛాతీ వెచ్చగా ఉంటే శరీరం వేళ్లకూ ధారాళంగా రక్తం పంపుతుంది. గ్లవ్స్ వేసుకున్నా వేళ్లు చల్లగానే ఉన్నాయంటే లోటు చేతుల్లో కాదు, జర్కిన్‌లో ఉందన్నమాట.

ఆగినచోట చేతుల్ని ఇంజిన్ దగ్గర కాచుకోవడం పాత అలవాటు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఆ పని చేయొద్దు. కాలినా వెంటనే తెలియదు. చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, ఆ తర్వాత నీలంగా మారుతుంటే డాక్టర్‌కు చూపించుకోవాలి. అది ఉత్త చలి కాకపోవచ్చు.

చున్నీ... జర భద్రం!

చలికి మెడ చుట్టూ ఏదో ఒకటి చుట్టుకోవడం అందరూ చేసేదే. చున్నీ, మఫ్లరు, శాలువా, తువ్వాలు, కొందరైతే గొంగడి. వాటి కొసలు వెనక గాలికి ఎగురుతుంటాయి. అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే. ఎగిరే కొస వెనక చక్రంలో పడితే లాగి తీసుకునే వ్యవధి ఉండదు. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి మెడ బిగుసుకుపోతుంది. 1927లో ప్రపంచ ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో చనిపోయింది అలాగే. మెడలోని పొడవాటి స్కార్ఫ్ ఆమె కూర్చున్న కారు చక్రానికి చుట్టుకుంది. మన రోడ్ల మీద చీర కొంగులు, చున్నీలు, బురఖా అంచులు చక్రాల్లో పడటం ఎవరూ వినని సంగతేం కాదు. అందుకే వెనక చక్రం సగం మూసి ఉండేలా రక్షణ పెట్టాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. మనం శారీ గార్డ్ అనేది దాన్నే. బండి అందం పోతుందని దాన్ని ఊడదీసే కుర్రాళ్లు, వెనక అమ్మో అక్కో కూర్చుంటుందని మరిచిపోతుంటారు.

చున్నీ మానక్కర్లేదు. మెడకు ఒక చుట్టు చుట్టి రెండు కొసలూ జర్కిన్ లోపలికి దోపి, ఆ తర్వాత జిప్పు పైదాకా వేసుకుంటే ఏ భయమూ లేదు. గొట్టంలా ఉండి తలలోంచి తొడుక్కునే మెడ పట్టీలు దొరుకుతున్నాయి, కొసలే ఉండవు కాబట్టి అవి ఇంకా మేలు. ముక్కు మీదికి లాక్కోవచ్చు కూడా. ఆస్తమా ఉన్నవాళ్లకు చల్లటి పొడిగాలి నేరుగా లోపలికి పోకుండా ఆ గుడ్డ అడ్డుపడుతుంది.

మంకీక్యాప్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమగా అందిస్తారు. దానిమీద హెల్మెట్ పట్టదు. పట్టకపోతే చాలామంది క్యాప్ ఉంచుకుని హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టుకుంటారు! ఇంకొందరు కష్టపడి ఇరికించి, స్ట్రాప్ వదులు చేస్తారు. ఉన్ని మీద హెల్మెట్ అటూ ఇటూ జారుతుంటే పడినప్పుడు అది తల మీద ఉండదు. నిజానికి ముఖమంతా మూసే ఐఎస్ఐ గుర్తు హెల్మెట్ ఉంటే చెవులకు వేరే టోపీ అక్కర్లేదు, దూది అసలే వద్దు. అంతగా కావాలంటే లోపల తొడుక్కునే పల్చటి బట్ట టోపీ చాలు. ఊపిరి ఆవిరికి అద్దం మసకబారుతుంటే దాన్ని ఓ వేలి మందం పైకెత్తి ఉంచాలి. నల్లటి అద్దం పొద్దుటిపూట పనికిరాదు.

ముందున్న బుజ్జిగాడు

పొద్దున్నే బడికి వెళ్లే బండ్లను గమనించండి. నాన్న ఒంటి మీద జర్కిన్ ఉంటుంది. వెనక అమ్మ శాలువా కప్పుకుంటుంది. ట్యాంకు మీద కూర్చున్న నాలుగేళ్ల బుజ్జిగాడికి మాత్రం స్కూలు యూనిఫామ్, పైన గుండీల్లేని స్వెట్టర్. ఎదురుగాలినంతా తగిలించుకుంటున్నది వాడే. నాన్నకు గాలి తగలకుండా అడ్డుపడుతున్నదీ వాడే! పిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. పెద్దవాళ్లకంటే త్వరగా చల్లబడిపోతారు. 'నాన్నా, చలేస్తోంది' అని చెప్పినా హెల్మెట్‌లోని చెవికి వినబడదు.

నాలుగేళ్లలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్లాలంటే వాళ్లకు హెల్మెట్ ఉండాలని, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. ఏడాది తర్వాత అది అమల్లోకొచ్చింది. అది ప్రమాదాల కోసం పెట్టింది. చలికీ అదే మందు. వెనక కూర్చోబెట్టి బెల్టు కడితే నాన్న వీపే గోడ. వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది. వాడికి గాలి చొరని చిన్న జర్కిన్ ఒకటి, చేతులకు గ్లవ్స్, కాళ్లకు మోకాళ్ల దాకా సాక్సు. ఇంత చేస్తే బడి దగ్గర దిగేసరికి ముక్కు ఎర్రబడి ఉండదు.

వెనక కూర్చునే బామ్మలకూ తాతయ్యలకూ మోకాళ్ల దగ్గరే ఇబ్బంది. చీరకట్టుతో పక్కకు కూర్చుంటే గాలి ఒకవైపు నుంచే కొడుతుంది. లోపల లెగ్గింగ్స్ లాంటిది తొడుక్కోమంటే మొదట 'ఈ వయసులో నాకెందుకే' అంటారు. ఒక్కసారి వేసుకున్నాక వాళ్లే అడుగుతారు.

పదింటికి ఏం చేయాలి?

ఇంత కట్టుకుని ఆఫీసుకు చేరేసరికి ఎండ. ఈ రుతువుతో వచ్చిన తంటా ఇదే. డిసెంబరు చలికైతే ఒకే మందపాటి జర్కిన్ సరిపోతుంది. ఇప్పుడు మాత్రం విడివిడిగా తీసేయగలిగినవే మంచివి. చొక్కా, దానిమీద చేతుల్లేని స్వెట్టర్, పైన పల్చటి విండ్‌చీటర్. అన్నీ మడిస్తే ఓ టిఫిన్ బాక్సంత చోటు చాలు. స్కూటర్ అయితే డిక్కీ ఉంది. బైకు వాళ్లు బ్యాగులో పెట్టుకోవాలి గానీ హ్యాండిల్‌కు తగిలించకూడదు. చేతులు వేలాడి ముందు చక్రంలో చిక్కుకుంటాయి. సీటుకూ ట్యాంకుకూ మధ్య దోపేవాళ్లూ ఉన్నారు, అదీ ఎక్కడో జారిపోయేదే.

రంగు విషయంలో మనవాళ్లకు నలుపే ఇష్టం. మాయదు కాబట్టి. మంచు పట్టిన ఆరున్నరకు నల్ల జర్కిన్, నల్ల హెల్మెట్, నల్ల బండి... వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు కనిపించేదేముంటుంది? 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ముందు లైటు ఎప్పుడూ వెలిగే ఉంటోంది. అది ఎదురొచ్చేవాళ్లకు. వీపు సంగతి మనమే చూసుకోవాలి. పసుపో నారింజో రంగు విండ్‌చీటర్ తీసుకుంటే ఒక పని. లేదంటే వెలుగు పడితే మెరిసే పట్టీ ఓ మూరెడు కొని ఉన్న జర్కిన్ వీపు మీద దర్జీతో కుట్టించుకోవచ్చు.

ఉగాది నాటికి మైదాన ప్రాంతాల్లో వీటితో పని తీరిపోతుంది. పెట్టెలో పెట్టేముందు స్వెట్టర్లను తప్పకుండా ఉతికి, బాగా ఆరనివ్వండి. చెమట, నూనె మరకలున్న ఉన్నినే పురుగులు కొరుకుతాయి. గుప్పెడు ఎండు వేపాకు గుడ్డలో కట్టి మధ్యలో ఉంచితే సరి. విండ్‌చీటర్‌ను మాత్రం లోపల పెట్టొద్దు. బండి డిక్కీలోనే ఉంచేయండి, జూన్‌లో తొలకరి పడ్డప్పుడు మళ్లీ కావాలి.